ముళ్ళ పట్టీ, నూగు పట్టీ

బళ్ళు తెరిచే ముందు నెల
మాకు ఊపిరి సలపదు.
ఇరవై రెండేళ్ళుగా అంటూనే ఉన్నాను ఈ మాట,
పాత చాకలిపేటలో, మిద్దె మీది రేకుల గదిలో,
రోజుకి నలభై స్కూలు సంచులు కుట్టే చోట.
ఊరికే అనకే, పైన తథాస్తు దేవతలుంటారు
అనేది మా అమ్మ.

మొదట వేళ్ళు.
తెల్లారి లేస్తే పిడికిలి విప్పుకోదు,
రాత్రంతా ఎవరిదో రూపాయి దాచుకు పడుకున్నట్టు.
వేడినీళ్ళ గిన్నెలో ముంచి
ఒక్కో వేలినీ బతిమాలి
మిషను దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని.
కీళ్ళవాతమన్నారు.
శుక్రవారం శుక్రవారం ఒక పసుపు మాత్ర,
మిగతా ఆరు రోజులూ
పొరపాటున కూడా ముట్టుకోకూడని మాత్ర.

తరవాత దగ్గు.
తడి లేదు, తెమడ లేదు,
బాబిన్‌లో దారం అయిపోయాక కూడా
ఆడుతూనే ఉండే సూదిలా.
గుడ్డ దుమ్మనుకున్నాను.
హార్బరు లారీల పొగ అనుకున్నాను.
నాలుగో మెట్టు దగ్గర ఆగిపోతుంటే
వయసనుకున్నాను. నలభై ఏడు.
పేర్లు పెట్టి పిలుస్తూ పోతే
ఆయాసం కూడా ఇంట్లో మనిషే అయిపోతుంది.

స్టాన్లీ ఆస్పత్రి చీటీ మీద
వరగాలమ్మాళ్ అని తమిళంలో రాశాడు.
వరహాలమ్మ, అన్నాను.
తలెత్తలేదు.
నా పేరు మొత్తంలో
ఊపిరి వదిలితే తప్ప పలకని అక్షరం అదొక్కటే.
అక్కడే రాలిపోయింది.

డాక్టరమ్మ పేరు యాళిని, మా పెద్దపిల్ల ఈడు.
వేళ్ళు చూపిస్తే వీపు తిప్పమంది.
నొప్పి ఇక్కడ తల్లీ, అక్కడ కాదు, అన్నాను.
చల్లటి బిళ్ళ నడుముకి కాస్త పైన ఆనించి
మూచ్చు ఇళుంగమ్మా, అంది.
లాగాను.
ఇంకోసారి. ఇంకోసారి.
పక్కన నేర్చుకునే కుర్రాణ్ణి పిలిచి
విను, వెల్క్రో విప్పినట్టు లేదూ, అంది.

ఆ మాట ఏ భాషలో అన్నా నాకు తెలుస్తుంది.
ముళ్ళ పట్టీ ఒకటి, నూగు పట్టీ ఒకటి.
కలిస్తే కరుచుకుంటాయి,
విడదీస్తే పర్రుమంటాయి.
ఎన్ని మైళ్ళ పట్టీ కుట్టి ఉంటాను!
ఏ పిల్లాడు పాఠం మధ్యలో టిఫిను అర తెరిచి
ఆ చప్పుడుకి టీచరు చేత తిట్లు తిన్నాడో.
ఇప్పుడది నా వీపులో.

సగం మాటలతో, సగం చేతులతో చెప్పింది.
వేరే రోగం కాదట, కీళ్ళదే,
వేళ్ళ నుంచి ఊపిరితిత్తుల్లోకి దిగిందట.
మెత్తటి చోట మచ్చలు కడుతున్నాయట.
బిగిసింది మళ్ళీ మెత్తబడదు,
మిగిలింది బిగుసుకోకుండా చూద్దాం.
అంటే చిరగని చోట
రఫ్ఫు చేసుకుంటూ పోతోందన్నమాట నా ఒళ్ళు, అన్నాను.
ఎంత అర్థమయిందో ఏమో,
పెన్ను ఆపి నా వంక చూసింది.

వరండాలో ఆరు నిమిషాలు నడవమన్నారు.
క్లిప్పుకి నా వేలు పనికిరాలేదు,
చల్లగా, వంకరగా ఉందని
దుద్దు తీయించి చెవి తమ్మెకి పెట్టారు.
ఆ కొసన ఎర్ర బకెట్టు, ఈ కొసన కుర్చీ.
తొంభై ఆరుతో బయల్దేరి
ఎనభై ఏడుతో వచ్చి కూలబడ్డాను.
పరీక్ష మార్కులైతే పండగ చేసుకోవచ్చు.

కొత్త మందు మొదలైంది. పూటకి రెండు.
కడుపులో తిప్పుతుంది. జుట్టు ఊడుతోంది.
నయమవుతుందా అని అడగలేదు,
ఆమె చెప్పలేదు.
మెట్లు నాలుగెక్కి ఆగుతాను, ఐదో దాన్ని చూస్తాను.

నిన్న షావుకారు ఫోను చేశాడు,
ఎలా ఉందమ్మా పని, అని.
ఊపిరి, అనబోయి
నాలుక కరుచుకున్నాను.
పని ఎక్కువుంది, అన్నాను.

రాత్రి కరెంటు పోయింది. మిషన్లన్నీ ఆగాయి.
ఏదీ అక్కా, నన్నూ విననీ,
షమీమ్ నా వీపుకి చెవి ఆనించింది.
లాగాను.
చాలాసేపు పలకలేదు.
తరవాత, చీకట్లోంచి,
ఒకటిన్నర అంగుళం పట్టీ, అంది.
ఇంకా కొత్తదే అక్కా, గట్టిగా పట్టుకునే ఉంది.