తెగాల్సిన తాడు

మే నెల. ఎర్రగుంట్లలో నలభై నాలుగు.
వాకిట్లో పరిచిన నాపరాతి బండల మీద
నా స్కీలు రెండూ పక్కపక్కనే పండుకున్నాయి.
మంచు మొగం చూడని ఇంట్లో
మంచు కోసం పుట్టిన చెక్కలు.

ఎల్లుండి రాత్రికి రైలు.
ఆ లోపల తేల్చుకోవాల్సింది ఒకటే.
బ్రేకులా, తాడా.

బ్రేకంటే మడమ పక్కన రెండు ఇనప కొమ్ములు.
బూటు ఊడిందా, టక్కున కిందికి దిగి
మంచును గీరి పట్టుకుంటాయి.
జతకి పావుకిలో బరువు.
పొద్దున నాలుగ్గంటల నుంచి ఎక్కే కాలికి
పావుకిలో అంటే ఏందో ఎక్కినోళ్లకే ఎరుక.

తాడైతే తులాల్లో తూగుతాది.
ఒక కొస స్కీకి, ఒక కొస బూటుకి.
చెక్క యాడికీ పోదు.
దాంతో వచ్చిన చిక్కూ అదే, యాడికీ పోదు.
కొండ మీది మంచంతా ఒక్కపాలి కదిలిన రోజు
కాలికి కట్టిన చెక్క లంగరై
అడుక్కి ఈడుస్తాది,
లేదంటే గిరగిరా తిరిగొచ్చి పళ్లు రాలగొడతాది.

ఇదంతా నాయనకు చెప్పినా.
దస్తగిరి. బండల పనిలో ముప్పై యేండ్లు.
ఐసు ముక్కను సోడా గ్లాసులో తప్ప చూడనోడు.
ముట్టించని బీడీ నోట్లో పెట్టుకొని
స్కీని గోటితో కొట్టి చెవి ఆనించినాడు,
బండలో పగులుంటే సప్పుడు మారతాదే, అట్ల.

"జారేదానికి జారేదే పని గదమ్మా.
నువ్వు దాన్ని ఆపాలనుకుంటాండావా,
పోగొట్టుకోకూడదనుకుంటాండావా?
రెండూ ఒకటి కాదు."

నేను మాట్లాడలేదు.
ఆయన ఎడం చెయ్యి చాపినాడు. చిటికెనేలు లేని చెయ్యి.

"చిలంకూరు గనిలో, దిగుడు దోవన,
తోపుడు బండి మీద రాళ్లు దింపేటోళ్లం.
ఎనక మోకు పట్టుకొని నేను.
జారకూడదని చేతికి రెండు సుట్లు సుట్టుకుంటి.
బండి పోయింది.
నేను పోకుండా వేలు పోయింది."

కోత మిషను తీసుకుందనుకున్నా ఆ వేలిని,
ఇరవై రెండేండ్లుగా.

"అయితే బ్రేకే మేలా నాయనా?"

"మర్నాటి నుంచి చక్రానికి తుమ్మమొద్దు అడ్డం పెట్టినాం.
గట్టి నేల మీద బాగానే పట్టేది.
వాన పడి రాతిపొడి బురదైన రోజు
బండి కంటే ముందు మొద్దే జారింది.
కింద మాబాషా కుండలో నీళ్లు ముంచుకుంటాండె..."

అక్కడికి ఆపేసినాడు.
మిగతాది నాకు తెలుసు.
రోజూ మా వీధిలో కుంటుకుంటా పాల క్యాను మోసుకుపోతాడు మాబాషా.
మా ట్రైనింగు సారు చెప్పిందీ అదే,
మెత్తని మంచులో కొమ్ములకు పట్టు దొరకదని.
తప్పిపోయిన స్కీ దిగువనున్నోళ్లను ఎతుక్కుంటా పోతాదని.

నాయన లోపలికి పోయి
పురికొస ఉండ తెచ్చినాడు.
ఆ పైన మోకుకూ చేతికీ నడుమ ఇది కట్టేవాళ్లంట.
మామూలు గుంజుడుకు ఆగుతాది,
బండి నిజంగా పోతే ముందు ఇదే తెగుతాది.

ఎంత బరువుకు తెగుతాదో చూడాల గదా.
దూలానికున్న ఉయ్యాల కొక్కీకి తగిలించి
కింద గోనెసంచిలో రాతి ముక్కలు ఒక్కొక్కటే వేసినాం.
ఒంటి పేట ఆరు ముక్కలకే తెగింది.
రెండు పేటలు పదకొండుకు.
మూడు పేటలు ఆగి, ఆగి, నా కాలి బొటనేలి పక్కన పడింది సంచి.
"నట్టెండలో చెక్కలకు తాళి కడతాండారా ఇద్దరూ?"
అమ్మ వంటింట్లోంచి.
"తెగిపోయే తాళి," అని నాయన నవ్వి
అప్పుడు ముట్టించినాడు బీడీ.

రెండు పేటలతో ఖాయం చేసినాం.
తాడుకు, బూటుకు నడుమ జానెడు పురికొస.
తడిస్తే బలం మారతాదేమో, పోయినంక చూసుకోవాల.

బ్రేకులు విప్పి అట్టపెట్టెలో పెట్టినా.
పెట్టెను అలమార పైకి ఎత్తబోయి
మళ్లీ దించి సంచిలో సర్దినా.
ఏ వాలు కింద ఎవరుంటారో
ఎర్రగుంట్లలో కూచొని చెప్పలేం.
ఆ పావుకిలో
మాబాషా పేరున మోస్తా.