ఆరో సీసా

మనామాల మా హోటల్ కింద, నేల లోపల రెండో అంతస్తు.
బయట ఆగస్టు. ఇక్కడ స్వెటర్ తొడిగేంత చలి.
ఆరు సీసాలకు ఆరు కాగితపు సంచులు తొడిగి
మెడలు మాత్రమే కనపడేటట్టు,
ఠాణాల ముసుగేసి నిలబెట్టిన దొంగల లెక్క
వరసగా పెట్టింది నాదిన్ మేడం.

"అన్నీ ఫ్రాన్సువే. అన్నీ ఎర్రవే.
మూడు దినార్ల నుంచి మూడువందల పది దాకా.
ఏది ఎంతదో మీ నాలుక చెప్పాలె."

రోవెల్ నవ్విండు. డంబర్ చేతులు తుడుచుకున్నడు.
నా ఛాతీ మీది బిళ్లల 'రాజ్' అని ఉంటది,
రాజేశం అని మొత్తం రాస్తే పట్టదట.

మింగొద్దన్నది మొదటి మాట.
నోట్ల తిప్పి, స్టీలు బకెట్ల ఉమ్మాలె.
కల్లు మండువల పెరిగినోణ్ని నేను.
లొట్టిల ఈగ పడితే ఈగను తీసి పారేసినం గని
కల్లును పారబోసిన్నాడు లేదు.

ఒకటోది నేరేడుపండ్లు తిన్న నాలుక.
రెండోది వగరు, మోదుగాకు నమిలినట్టు.
మూడోదాంట్ల ఏం లేదు, మర్యాద తప్ప.
నాలుగోది కొత్త చెప్పుల దుకాణం,
లోపల్నెక్కడో మిరియం.
ఐదోది
ఎట్ల చెప్పాలె,
నోట్ల ఉన్నంతసేపు ఒకటి, పోయినంక ఇంకోటి.
పోయినంకనే ఎక్కువున్నది.
అసలు పోనే లేదు, మింగిన.
మేడం చూసింది. ఏమనలే.

ఆరోదాన్ని ముక్కు కాడికి తేంగనే
నాయిన మా మండువకు వచ్చి కూసున్నడు.
రేకు పట్టిన చెయ్యి, మూతి ముడుసుడు:
"పొద్దెక్కినంక దించిండ్రా దీన్ని.
ఎండ తాకినదాన్ని నీడల దాస్తే దాగుతదా?"

ఉడికిన రేగుపండ్ల వాసన.

"మేడం, దీనికి ఎండ తగిలింది" అన్న.
అందరు నవ్విండ్రు.
పద్నాలుగు డిగ్రీల గదిల ఎండ!

ఆమె సంచి తీసింది. మూడువందల పది.
గ్లాసుల ఇంకింత పోసుకున్నది, ముక్కు లోపలిదాక పెట్టింది,
తర్వాత సీసా మెడను గోటితోని గీకింది.
బిరడా రవ్వంత పైకి లేసి ఉన్నది,
కిందికి ఎండిన బంక చార.
పోయిన జూలైల పోర్టుల ఆగిందట కంటెయినర్,
తొమ్మిది రోజులు, ఒక్క సంతకం లేక.
కాగితం కోసం ఎండల ఆగినోళ్లు ఎట్లుంటరో
నన్నడిగితే పోర్టు దాక పోకుండనే చెప్తుంటి.

"ఎన్నున్నయి ఇసొంటియి?"
"పదకొండు" అన్నడు షాజీ.
మేడం జరసేపు సంచిని మడతలు పెట్టింది.
"విందులకు పంపుండ్రి."

ధరల కాగితం చదివిండ్రు.
మూడు దినార్ల నేరేడుపండును నేను అరవై అన్న.
మర్యాద ఖరీదు డెబ్బై అట.
ఐదోది నూటనలభై. నా నెల జీతం,
తిండి, మంచం పట్టుకోకముందు.

రాత్రి పదిహేడో టేబుల్.
తెల్లగడ్డపాయన గ్లాసు తిప్పిండు, కండ్లు మూసుకున్నడు,
పక్కామెతోని అన్నడు:
"ఆ ఏడు మంచి ఎండలు కాసినట్టున్నయి."
నా దిక్కు చూసిండు.
"అవును సార్" అన్న.
అబద్ధమైతే కాదు.

ఒంటిగంటకు సల్మాబాద్ బస్సు.
దారి పొడుగూత ఖర్జూరం చెట్లు, మొదళ్లకు పచ్చలైట్లు.
మా ఈతచెట్టుకు పెద్దమ్మ బిడ్డలు.
ఒక్కదానికన్న గీత లేదు, గాటు లేదు,
ఇన్ని చెట్లల్ల ఇంత నీరా
ఎవ్వల నోట్ల పడకుండ నిలబడి ఉన్నది.
నడుముకు మోకు లేదు.
నడుమే చెట్టు చెట్టుకూ ఎత్తు కొలుస్తున్నది.
ఈ వంగినదాన్ని పొద్దు పొడువకముందు దించితే తియ్యగ,
ఆ గోడ కాడిది కొంచెం ఉప్పు తగులుతది కావచ్చు,
సముద్రం దగ్గర గదా.

డంబర్ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయిండు.
నాలుక మీద ఐదోది
ఇంక దిగలే.