మూడు గళ్ళ రిజిస్టరు

బన్నేరుఘట్ట దాటాక, కరడిగుట్ట కింద
సర్కారు బడి హాల్లో
ఐదో తరగతి బెంచీల్లో మోకాళ్ళు పట్టక
పెద్దవాళ్ళు పక్కకి తిరిగి కూర్చున్నారు.
గోడ మీద కన్నడ అక్షరమాల.
దాని మీదే మేకులు కొట్టి గుట్ట పటం వేలాడదీశారు.

నూటపన్నెండు పేజీల ప్రణాళిక:
కార్చిచ్చు రాకముందు, వచ్చినప్పుడు, పోయాక.
ఇంగ్లీషులో రాశారు, కన్నడలో చదివారు,
వెనక వరసలో తెలుగులో గొణుక్కున్నారు.
నా పని రాసుకోవడం.
రేంజి ఆఫీసులో కాంట్రాక్టు గుమాస్తాని.
రిజిస్టర్లో మూడు గళ్ళు:
అభ్యంతరం. సూచన. జవాబు.

ముందు అపార్ట్‌మెంటాయన లేచాడు.
పద్నాలుగో అంతస్తు. పోయిన శివరాత్రికి
బాల్కనీలో ఆరేసిన దుప్పటంతా మసి,
పాపకి మూడు రాత్రులు నెబ్యులైజరు.
గోడ కట్టమన్నాడు, పదడుగుల గోడ.
కొందరు నవ్వారు. నేను నవ్వలేదు,
పాప దగ్గు ఏ గడిలో రాయాలా అని చూస్తున్నాను.

సైకిలు తొక్కే కుర్రాళ్ళు డ్రోన్లు అడిగారు.
నంజుండప్ప మేకల్ని లోపలికి వదలమన్నాడు,
గడ్డి ఎండకముందే మేసేస్తే
అగ్గికి మిగిలేదేముందని.
సారు గొంతు సవరించుకున్నాడు: రూల్సు ఒప్పుకోవు.
ఒకాయన బెంచీ ఇరుగ్గా ఉందని ఫిర్యాదు చేశాడు.
అదీ రాశాను.

పిళ్ళమ్మ వంతు వచ్చేసరికి నాలుగున్నర.
ఇరవై రెండు వేసవులుగా అగ్గి కాపలా.
జనవరిలో పెట్టుకుంటారు, వాన పడగానే పంపేస్తారు.
జీతాల పట్టీలో ఆమె కూలీ నంబరు తొమ్మిది.
"మూడు నిమిషాలే" అన్నాడు సారు, గడియారం చూపించి.

"మూడు నిమిషాల్లో ఎంత మాట్లాడొచ్చునో
నాకు తెల్దు సార్. ఎంత కాలతాదో తెలుసు.
ఇదో, ఈ కిటికీ కాడ్నించి ఆ గేటు దాకా."

అందరూ కిటికీలోంచి చూశారు.
గేటు దగ్గర ఐసుబండి. దాని చుట్టూ పిల్లలు.

"పటంలో మీ అగ్గిగీత తిన్నంగా ఉండాది.
మధ్యాన్నం రెండు దాటితే గాలి తిరుగుతాది,
పైనుంచి కిందికి. అప్పుడు మీ గీతలో నిలబడి చూడండి,
కనుబొమ్మలు కమురుతాయి.
లంటానా నరికి ఆడే పారేస్తే అది నరికినట్టు కాదు,
పొయ్యిలోకి పేర్చినట్టు.
మీరిచ్చిన రబ్బరు కొట్టుడుకట్టె కరిగి
చెప్పుకంటుకునింది. బందారు మండే మేలు.
ఇంకోటి. జంటబండల ఎనకాల దొన ఉండాది.
ఉగాది దాకా నీళ్ళుంటాయి. పటంలో లేదు.
అది తెలీకనే కదా మొన్నేడు
ఆ కొత్త పిల్లోడు కాళ్ళు కాల్చుకునింది..."

గంట కొట్టారు.
జవాబు గడిలో "పరిశీలించబడును."
అన్నిటికీ అదే జవాబు.
చేత్తో రాయక్కర్లేదు, రబ్బరు స్టాంపుంది.

అభ్యంతరాలకి ఆఖరు తేదీ ఫిబ్రవరి ఇరవై ఎనిమిది.
ఇరవై ఆరున గుట్ట అంటుకుంది.
ఆఫీసులో ఎవరుంటే వాళ్ళని జీపెక్కించారు,
నన్ను కూడా, చెవిమీది పెన్నుతో సహా.
పిళ్ళమ్మ నా చేతిలో పచ్చి బందారు మండ పెట్టి
"కొట్టబాకు. రవ్వలు లేస్తాయి. అదిమిపెట్టు" అంది.
అదిమాను. రాత్రి పదకొండు దాకా అదిమాను.
మధ్యలో ఎవరో బండల వెనక్కి లాక్కెళ్ళారు.
దొనలో నీళ్ళు వెచ్చగా ఉన్నాయి, పైన బూడిద తెట్టు.
అరచేత్తో తోసి తాగాను.

చొక్కా రెండుసార్లు ఉతికినా బందారు వాసన పోలేదు.
తొమ్మిదో నంబరుకి జనవరి జీతం ఇంకా రాలేదు.
ఆఖరు తేదీ సాయంత్రం రిజిస్టరు మూసి
పటం చుట్టి పెద్దాఫీసుకి పంపాలి.
చుట్టబోతూ ఆగి, ఎవర్నీ అడక్కుండా,
జంటబండల వెనక
నీలం బాల్‌పెన్నుతో ఒక చుక్క పెట్టాను.
పెన్ను రాయలేదు.
నోటి ఆవిరి ఊది మళ్ళీ గట్టిగా ఒత్తాను.
కాగితం అవతలి వైపుకి దిగింది.