ఏడో రోలరు

తొమ్మిదో రాత్రి, రెండూ పది దాటాక
ఆటోనగర్ షెడ్డులో చప్పుడు మారింది.
మీటరుకి తెలీలేదు, దాలినాయుడికి తెలిసింది.
స్క్రూడ్రైవరు మొన హౌసింగుకి ఆనించి
పిడిని చెవి వెనక ఎముకకి నొక్కి
"కట్టెయ్యమ్మా" అన్నాడు, "దీని గొంతు బొంగురుపోనాది."

కోటీ తొంభై నాలుగు లక్షల తిరుగుళ్ళు.
బోర్డు మీద సుద్దతో రాసి స్విచ్చి దించాను.
తిరిగీ తిరిగీ అలవాటైన ఇరుసు
ఆగడానికి చాలాసేపు పట్టింది.
ఆగాక వినబడ్డాయి
మల్కాపురం వైపు కుక్కలు,
రేవుకి ఇనపరాయి మోసుకెళ్ళే గూడ్సు,
రేకుల సందుల్లో ఉప్పుగాలి.

గట్టి రోలర్లు ఎలా పోతాయో నాకు తెలుసు.
పై చర్మం కింద, వెంట్రుకవాసి లోతులో
ఏదో మలినపు నలుసు దగ్గర మొదలై
పెచ్చులు పెచ్చులుగా లేస్తాయి,
మా క్వార్టర్సు గోడలకి సున్నం లేచినట్టు.
అది నలుగురికీ కనబడే చావు.

ఇవి అలాంటివి కావు.
బరువు తగ్గాలని, జారకుండా పట్టుండాలని
నడుమ డొల్ల చేసిన ఉక్కు.
ప్రతి చుట్టులోనూ బరువు కిందికి వచ్చినప్పుడు
గుండ్రం కాస్త నలిగి కోడిగుడ్డవుతుంది,
బరువు దాటగానే మళ్ళీ గుండ్రం.
కంటికి ఆనదు, మైక్రాన్ల లెక్క.
ఎంత డొల్ల చేస్తే అంత మెత్తగా ఒదుగుతుంది.
అంతకు మించి చేస్తే...
ఆ "అంత" ఎంతో కనుక్కోడానికే
ఈ షెడ్డు, ఈ గ్రీజు, మా ఇద్దరి రాత్రులూ.

కిరోసిన్‌లో కడిగి పాత పేపరు మీద
వరసగా పెట్టాం, పన్నెండు.
పైపైన అన్నీ అద్దాలే.
ఏడోదాన్లో నా నిద్రలేని మొహం.
"బయటేటి సూస్తావు, లోన సూడు" అన్నాడు.
ఎర్రరంగు పూసి, తుడిచి, తెల్లపొడి చల్లి
టార్చి వేసి వంగాను.
లోపలి గోడ మీద
ఈ చివర్నించి సగందాకా
కుంకుమ దారం.

పొద్దున్నే ప్రెస్సులో పెట్టి విరిచాం.
లెన్సు కింద, వంపు వెనక వంపు, దాని వెనక ఇంకో వంపు.
పుస్తకాల్లో వీటిని బీచి గుర్తులంటారు.
పేరు పెట్టినవాడు ఏ సముద్రం చూశాడో గానీ
అప్పికొండలో పోటు తగ్గాక
ఇసక మీద సరిగ్గా ఇవే గీతలు.
కాకపోతే అక్కడ నీరు వెనక్కి పోతూ గీస్తుంది,
ఇక్కడ పగులు ముందుకి పోతూ గీసింది,
ఆగి, సేదతీరి, మళ్ళీ ఒక పిసరు.
మేం టీకని మెషీను ఆపిన వేళలు కూడా
అందులో ఉన్నాయేమో, లెక్కపెట్టలేదు.

వంపులన్నిటినీ వెనక్కి నడిపిస్తే
ఒక్కచోట చేరాయి. ఒక గాటు.
బోరింగు పనిముట్టు వెనక్కి లాగేటప్పుడు
తగిలిన గీత, గోరుకి కూడా అందదు.

లెన్సు దాలినాయుడికిచ్చాను.
చాలాసేపు చూశాడు.
"ఇది నా సెయ్యే" అన్నాడు.
"ఆ రోజుకి ఆఖర్ది. నూనె పైపు ఎండిపోనాది.
సైరను కూసీసింది. ఒక్కటే గదా అని లాగీసినాను."
తర్వాత ఏమీ అనలేదు.
దూదితో లెన్సు తుడిచి నా చేతికిచ్చాడు.

రిపోర్టులో "కారణం" అని ఒక గడి ఉంటుంది,
రెండంగుళాల గడి.
గాటు అని రాయొచ్చు. నిజమే.
డొల్ల ఎక్కువైందని రాయొచ్చు,
ఏ గాటూ లేని నాలుగోదాన్లో కూడా
సన్నగా ఎరుపు ఊరుతోంది, అదీ నిజమే.
ఎండిన పైపు ఎక్కడ రాయాలి?
కలం మూత తీసి, పెట్టి, తీసి కూచున్నాను.

బయట షిఫ్టు బస్సులు బయల్దేరుతున్నాయి.
దాలినాయుడు కొత్త సెట్టు కట్ట విప్పాడు.
ఒక్కొక్క రోలరూ తీసుకుని
చిటికెనవేలు లోపలికి పెట్టి
కళ్ళు మూసుకుని నెమ్మదిగా తిప్పుతున్నాడు.
పదకొండోది పక్కన పెట్టాడు.
ఎందుకని నేను అడగలేదు.