పోటు వచ్చేదాకా

చేపల వాసన వదలని మరపడవ.
పద్నాలుగు మంది ఆడవాళ్ళం, ఒక బంతి,
రెండు బస్తాల బంగాళాదుంపలు.
ఇలులిస్సాట్‌కి మూడు రోజుల దారి.
రెండోరోజు మధ్యాహ్నానికే
పొగమంచు వచ్చి పడవ ముక్కుని మింగేసింది.

అక్కలూక్ ఇంజను ఆపాడు.
"కనపడని మంచుకొండతో కయ్యమెందుకు" అని
టోపీ మొహం మీదికి లాక్కుని పడుకున్నాడు.
మా ఊళ్ళో అందరికన్నా తొందరపాటు మనిషి అతను.
అతనే పడుకున్నాక
ఇంకెవరు నోరెత్తుతారు?

నేను గోలీని.
నా తొడుగులు హాలిబట్ గాలాలు లాగే తొడుగులే.
అరచేతుల్లో తాడు కోసిన గీతలు,
ఆ గీతల్లో ఉప్పు.
మా మైదానంలో గడ్డి లేదు, అంతా కంకర.
దూకిన ప్రతిసారీ
మోకాలి మీద మా ఊరి పటం దిగుతుంది.

ముందు తిమింగలం ఊపిరి వినపడింది,
దగ్గర్లోనే, ముసలాయన నిట్టూర్పులా.
తర్వాత వినపడింది ఊపిరి కాదు.
ధబ్.
కాసేపాగి, ధబ్.
నాజా తల తిప్పింది. మా కెప్టెన్ చెవులు మోసపోవు.
"అది బంతి" అంది.

తెప్ప దించి చప్పుడు వెంట పోయాం.
పాటుకి బయటపడిన ఇసుక మేట మీద
ఎర్ర చొక్కాలు, మసక మసగ్గా.
ఎవరనుకున్నారు?
గురువారం నాలుగు గంటలకి
మేం ఇలులిస్సాట్‌లో ఎదుర్కోవాల్సిన జట్టే.
వాళ్ళ పడవా మాలాగే కళ్ళు మూసుకుని కూర్చుంది.
ఆవేళ గురువారం.
నాలుగు దాటి ఇరవై నిమిషాలు.

అటువైపు గోలుకి రెండు తెడ్లు పాతాం.
నా వైపు ఒక స్తంభం పెట్రోలు డబ్బా,
రెండోది, ఒడ్డుకి కొట్టుకొచ్చిన మంచుగడ్డ,
నడుమెత్తు ఉంటుంది, లోపల నీలం.
మా వంటమనిషి బిర్గిట్టె రిఫరీ.
ఈల లేదు. కెటిల్ మూత, గరిటె.

ఎంతసేపు ఆడామో తెలీదు.
జూలైలో మా సూర్యుడికి దిగడం చేతకాదు,
పొగమంచు వెనక తెల్లగా నిలబడి చూస్తుంటాడు.
అలసటొక్కటే గడియారం.
టుపార్నాక్ ఒకటి కొట్టింది.
వాళ్ళు ఒకటి కొట్టారు.
ఎవరో జారిపడి నవ్వు ఆపుకోలేకపోతే
ఆట కూడా ఆమె కోసం ఆగింది.

అప్పుడు వాళ్ళ పొడుగు పిల్ల, పేరు సోరీనె,
నేలబారుగా తన్నింది.
దూకాను. అందలేదు.
బంతి మంచుగడ్డని రాసుకుంటూ లోపలికి పోయింది.
"గోల్!" అని వాళ్ళు.
"కాదు!" అని మేం.
మొదలెట్టినప్పుడు ఆ గడ్డ
ఇంకో జానెడు వెడల్పు ఉండేది మరి!
కరిగిన మేర తడి ఇసుకలో గీతలా కనపడుతూనే ఉంది.
పాత గడ్డ ఉండుంటే బంతి తగిలి వెనక్కొచ్చేది.

బిర్గిట్టె వంగి చూసింది.
గడ్డని చేత్తో తడిమి,
తడి వేలు చప్పరించింది, ఎందుకో.
"ఉన్న మంచే లెక్క,
పోయిన మంచుకి లెక్క లేదు"
అని గరిటెతో మూత కొట్టింది.
మా మనిషే! మా బంగాళాదుంపలు వండే మనిషే!
నాకు రెండ్రోజులు ఆమెతో మాటల్లేవు.

తర్వాత ఎడమ పక్క మైదానం కొంచెం తగ్గింది.
ఇంకొంచెం తగ్గింది.
నాజా చీలమండల దాకా నీళ్ళలో పాస్ అడుగుతోంది.
చివరి తన్నుకి బంతి తేలిపోయింది.
సోరీనె నడుం లోతు చన్నీళ్ళలోకి నడిచి,
పళ్ళు టకటకలాడుతూ,
దాన్ని పట్టి నాకేసి విసిరింది.
రొమ్ముకి హత్తుకున్నాను.
ఆ రోజు జారకుండా పట్టింది అదొక్కటే.

శుక్రవారం రాత్రి ఇలులిస్సాట్ చేరాం.
పుస్తకంలో రాసి ఉంది:
గురువారం, నాలుగు గంటలు, రెండు జట్లూ గైర్హాజరు.
గుమాస్తా కళ్ళజోడు పైనుంచి చూసి
"ఆడలేదు కదా?" అన్నాడు.
మేం నీళ్ళు నమిలాం.
పక్క వరసలోంచి సోరీనె
"రెండు ఒకటి" అంది.
రాసుకోలేదు అతను.

మిగతా ఆటల్లో ఏడు, నాలుగు తినొచ్చాం,
అవి మాత్రం శుభ్రంగా రాశారు.
తిరుగు దారిలో ఎండ ఫెళ్ళుమంది,
ఇసుక మేట ఎక్కడుందో ఎవరికీ ఆనవాలు పట్టలేదు.
పెట్రోలు డబ్బా అక్కడే మరిచాం.
అక్కలూక్ ఇప్పటికీ కొట్టు దగ్గర ఆపి అడుగుతాడు:
"సగానికి పైగా ఉంది అందులో,
ఎవరిస్తారు డబ్బులు?"