వినియోగ ధ్రువపత్రం

మార్చి ముప్పై. పిల్లలకంటే ముందే
ఎండ వచ్చి బల్లల మీద కూర్చుంది.
మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే చాలు
గది గదంతా ఒకేసారి తుమ్ముతుంది.
గుంటూరులో హాజరు పలకడానికి అదొక పద్ధతి.

నాలుగూ ఐదూ ఒకే గదిలో.
పక్క గదికి తాళం, కప్పు పెచ్చులూడిన రోజు నుంచి.
ఒక పెచ్చు దాచాను, అరచేయంత,
ఇంజనీరు వస్తే చూపిద్దామని.
ఇంజనీరు రాలేదు.
పెచ్చు ఇప్పుడు కిటికీ రెక్క కొట్టుకోకుండా ఆపుతోంది.

గ్రాంటు సంగతా?
జూన్‌లో అన్నారు. దసరాకి అన్నారు.
తర్వాత, బిల్లు పెట్టాం అన్నారు.
పెట్టిన బిల్లు ఎక్కడో వరసలో నిలబడి ఉంది,
చంకలో సంచీతో, రేషన్ షాపు ముందు ముసలమ్మలా.
వచ్చింది పావు వంతు.
పాత కరెంటు బాకీ, ఒక పెట్టె సుద్దముక్కలు,
రెండు చీపుళ్ళు, సగం సీసా ఫినాయిలు.
ఆడపిల్లల దొడ్లో కుళాయికి మిగల్లేదు.
ఇంటర్వెల్‌కి ఇంటికెళ్ళిన పిల్ల
మళ్ళీ వస్తే వచ్చినట్టు.

డబ్బు రాలేదు గానీ
ఖర్చయిపోయిందని రాసిమ్మనే కాగితం మాత్రం
ఠంచనుగా వచ్చింది.
రెండు సంతకాలు కావాలి. నాదొకటి,
తల్లిదండ్రుల కమిటీ చైర్మన్‌ది ఒకటి.

మా చైర్మన్ ఖాసింబీ.
ఏటుకూరు రోడ్డు గోడౌన్‌లో మిరప తొడిమలు తీస్తుంది,
కిలోకి ఇంతని.
మొన్నమొన్నటి దాకా వేలిముద్రే.
కూతురు షమీమ్ పలక మీద దిద్దించింది,
తల్లి చేతి మంట తన చేతికి అంటుకున్నా వదలకుండా.

మజ్జిగతో చేతులు కడుక్కుని వచ్చింది.
కాగితం మీద అంకె చూసింది. "ఇది ఎంత?"
చెప్పాను.
"వచ్చింది?"
చెప్పాను.
"మిగతాది?"
వస్తుందిలే, ముందు సంతకం పెట్టు.

"మా మేస్త్రీ కూడా ఇట్టాగే అంటాడు మేడమ్.
తూకం వేయకముందే చీటీ మీద పెట్టమంటాడు.
పదకొండేళ్ళయింది. ఒక్కసారి పెట్టలా నేను."

నేను అప్పటికే పెట్టేశాను.
నా సంతకం చాలా అందంగా ఉంటుంది.
ఇరవై రెండేళ్ళ సాధన.

ఆవిడ పెన్ను తీసుకుని
అంకె కింద, ఒక్కో అక్షరమే, రాసింది:
రాలేదు.
'లే' మీది ఏత్వం తోక సాగి
పక్క గడిలోకి వెళ్ళింది.
కాగితం అంచున ఎర్రగా వేలిముద్ర పడింది,
ఎవరూ అడక్కుండానే.

మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోను.
ఆ గడిలో మాటలు పట్టవు మేడమ్, అంకెలే.
సున్నా వేస్తే?
సున్నా కూడా తీసుకోదండీ. మొత్తం సరిపోవాలి.

ఫోను బల్ల సొరుగులో పడేసి
నాలుగో తరగతికి తీసివేతలు మొదలుపెట్టాను.
పై అంకె చాలకపోతే ఏం చేయాలి?
పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవాలి టీచర్.
పక్కింట్లో సున్నా ఉంటే?
ఆ పక్కింటికి పోవాలి.
వెనక బల్ల నుంచి జోయెల్ లేచాడు.
"వీధంతా సున్నాలైతే టీచర్?"

సుద్దముక్క బోర్డు మీద ఆగింది.
గాలి తిరిగింది.
పిల్లలందరితో పాటు
ఈసారి నేనూ తుమ్మాను.