నూట ఇరవై మూతలు

మంగళవారం రాత్రి లాండ్రోమాట్‌లో
మూడో నంబరు యంత్రం గుడగుడమంటుంటే
సబ్బు పొడి డబ్బా మీద కాగితం పరిచి
నా చదువుకి ఖరీదు కడుతున్నాను.

కెంటకీ కొండల్లో నవంబరు పొద్దు నిలవదు.
బొగ్గు లారీలు ఆగిపోయాక ఈ రోడ్డున
వెలిగేవి రెండే,
ఈ కొట్టూ, ఎదురుగా చర్చి బోర్డూ.

మొదటి కాలేజీ బ్రోచరు నున్నగా ఉంది,
అరచేతిలో వైకుంఠం.
క్రెడిట్ ఒక్కింటికి ఐదువందల ఎనభై డాలర్లు.
బొమ్మలో నవ్వుతున్న టీచరమ్మ
చొక్కా మీద ఒక్క మరకా లేదు.
ఆపిల్ గుజ్జు ఎవరికీ తినిపించి ఎరగదు, పాపం.

రెండోది చవక.
ఆ లైసెన్సు మా రాష్ట్రంలో చెల్లదని
చివరి పేజీ అడుగున
చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

మూడోది కొండ అవతలి ప్రభుత్వ కాలేజీ.
రాత్రిళ్లు ఇంట్లోనే పాఠాలు,
నెలకో శనివారం గంటన్నర మలుపుల దారి.
క్రెడిట్‌కి రెండువందల పది.
సగం జిల్లా కడుతుందట,
మూడేళ్లు ఇక్కడే ఉంటానని సంతకం పెడితే.
నవ్వొచ్చింది.
పదకొండేళ్లు ఏ సంతకమూ లేకుండానే ఉన్నాను.

ఆ పదకొండేళ్లకి ఎన్ని క్రెడిట్లిస్తారని ఫోన్లో అడిగాను.
అబ్బాయి మర్యాదస్తుడు, చాలాసేపు వెతికాడు.
"ఆయా పనికి సున్నా, మేడమ్."

టోబిన్‌కి బూటు తాడు ముడేయడం వచ్చేసరికి
పద్నాలుగు నెలలు పట్టింది.
అది ఆ సున్నాలోదే.
మంటల గంట మోగిన రోజు
బల్ల కింద వాడి పక్కన పడుకుని
నా రెండు చేతులూ వాడి చెవులకిచ్చి
నా చెవులు గాలికొదిలేశాను.
అదీ అందులోదే.
వాడికి మాటల్లేవు.
నా మణికట్టు మీద రెండుసార్లు తట్టాడంటే "ఇంకా" అని.

డిగ్రీకి నూట ఇరవై క్రెడిట్లు.
ఆ అంకె నా బుర్రలో పట్టక
నిన్న వాడి సీసా మూతల డబ్బా అడిగాను.
వరసకి పది, పన్నెండు వరసలు, గీత గీసినట్టు పేర్చాడు.
పంతొమ్మిదో ఏట చదివి వదిలేసినవి
ఇరవై ఏడు ఇంకా చెల్లుతాయన్నారు కదా,
ఆ ఇరవై ఏడూ పక్కకి తీశాను.
వాడికి ఖాళీలు గిట్టవు.
మళ్లీ ఎక్కడివక్కడే పెట్టేసి
నా మణికట్టు మీద రెండుసార్లు తట్టాడు.
నన్ను ప్రోత్సహించాడనుకునేరు,
వాడికి కావలసింది మూతలు.

మిగిలినవి తొంభై మూడు.
తొమ్మిది వేల ఏడువందల అరవై ఐదు డాలర్లు.
ఏడాదికి పదిహేను చొప్పున ఆరేళ్ల పైచిలుకు.

ఇక్కడ పెన్సిల్ ఆగిపోయింది.
టోబిన్‌కి ఇప్పుడు తొమ్మిది.
నా చేతికి పట్టా వచ్చేనాటికి
వాడు పెద్దబడికి పోయి ఉంటాడు,
మూతి మీద నూనూగు మీసంతో.
ఈ ఏడాది వాడికొచ్చిన నాలుగో తాత్కాలిక టీచరు
శుక్రవారం వెళ్లిపోతోంది.
నేను వాడి టీచరునయ్యే దారి
ఈ మూడు కాగితాల్లో దేంట్లోనూ లేదు.

యంత్రం గంట కొట్టింది.
తడి మేజోళ్లు ఆరబెట్టే దాంట్లో పడేసి
మూడు క్వార్టర్లు వేశాను.

దరఖాస్తు రుసుము నలభై.
కట్టలేనివారు ఈ గడిలో గుర్తు పెట్టండి, అంది కాగితం.
పెట్టాను,
కింది పేజీ మీద కూడా అచ్చు పడేంత గట్టిగా.

పేరు: వెర్లీన్ స్టాంపర్.
ఈ వృత్తిని ఎందుకు ఎంచుకున్నారు, రెండువందల మాటల్లో.
ఇప్పుడు మూడేళ్లుండే పిల్ల ఒకతె ఈ లోయలోనే ఎక్కడో
చెంచాలు వరసగా పేరుస్తూ ఉంటుంది.
ఆమె పేరు నాకు తెలీదు.
అక్కణ్నుంచి మొదలుపెట్టాను.